గృహిణికి విద్యుద్గణితము

మన పూర్వుల వంటయింటిలో అగ్ని కంటికి కనబడుచుండెడిది. పొయ్యిలో మంట యెంత యున్నదో చూచినంతనే తెలియుచుండెను. కట్టె నొకదానిని వెనుకకు లాగిన తగ్గుచుండెను, ముందునకు త్రోసిన హెచ్చుచుండెను. నేడు మన యిండ్లలోని యగ్ని గోడలలో దాగియున్నది. అది కంటికి కనబడదు, చెవికి వినబడదు. చేతికి తెలిసినచో ప్రాణాపాయము. అట్టి యగ్నిని ముందుగా కొలుచుకొనుటకు ఇల్లాలికున్న యుపాయము లెక్క యొక్కటే. ఆ లెక్కకు వలసినవి రెండంకెలు. చేయవలసినవి ఒక గుణకారము, ఒక భాగహారము. ఇంతటి చిన్న లెక్కను తెలిసికొనక నేను మా యింటికి ఎంత ముప్పు తెచ్చితినో మొదట చెప్పి, పిదప లెక్కను వివరించెదను.

గడచిన ధనుర్మాసములో నొకనాటి వేకువను మా అత్తగారి స్నానమునకు బకెట్టు నీటిలో హీటరు కడ్డీ నుంచితిని. దాని ప్లగ్గునకు లావు కాళ్లు. మా ముందుగదిలో నున్న ఎక్స్‌టెన్షను బోర్డునకు సన్నని రంధ్రములు. కావున బజారులో దొరకు మార్పిడి ప్లగ్గు నొకటి మధ్య నుంచి, దానిని బోర్డునకు తగిలించితిని. అదే బోర్డులోని రెండవ రంధ్రమున ఇస్త్రీ పెట్టె ప్లగ్గును గ్రుచ్చి, మావారి చొక్కాయు, మా అమ్మాయి బడిదుస్తులును ఇస్త్రీ చేయ మొదలిడితిని. పది నిమిషములు గడచెనో లేదో, అత్తగారు ప్రక్కగదిలోనుండి, "అమ్మాయీ! ఏదో మాడుచున్న వాసన వచ్చుచున్నది, పాలు గాని పొంగినవా?" అని కేకవేసిరి. పాలు పొయ్యిమీద లేనే లేవు. నేను వెనుదిరిగి చూచునప్పటికి బోర్డునుండి సన్నని పొగ వెడలుచుండెను. ప్లగ్గు కాళ్ల చుట్టునున్న ప్లాస్టిక్కు మైనమువలె కరగి జారియుండెను. దానికి జానెడు దూరమున కిటికీ తెర వ్రేలాడుచుండెను. ఆ ప్రక్కనే మంచముపై మా చిన్నవాడు నిద్రించుచుండెను. గోడమీద స్విచ్చి నార్పి, పిల్లవాని నెత్తుకొని వరండాలోనికి వచ్చి కూలబడితిని. చాలసేపు నా కాళ్లు వణకుచునే యుండెను.

వైరుమను వచ్చి చూచి, "నాసిరకము బోర్డమ్మగారూ, మంచిది వేసికొండి" అని క్రొత్తదానిని తెచ్చి యిచ్చెను. నేనును అట్లే నమ్మితిని. మరల యథాప్రకారము కడ్డీయు, ఇస్త్రీ పెట్టెయు కలిపి వాడితిని. రెండు వారములు తిరుగకుండ క్రొత్త బోర్డు ప్లగ్గును ముట్టిన చేయి చురుక్కుమనెను. అప్పుడు నాకు సందేహము కలిగినది. రెండు బోర్డులును నాసిరకములేనా, లేక దోషము వేరొకచోట నున్నదా?

నేను బడికి పోయి చదివినదానను గాను. మా తండ్రిగారు ఇంటనే నాకు అమరము, కావ్యములు, ఆంధ్ర మహాభారతము చెప్పిరి. గణితమన్నను పావులూరి మల్లన తెనిగించిన గణితసారమును, భాస్కరాచార్యుని లీలావతిని ముందిడుకొని త్రైరాశికము వరకు నేర్పిరి. విద్యుత్తును గూర్చి నాకెవ్వరును చెప్పలేదు. మావారు ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రము బోధించు నుపాధ్యాయులే. అయినను ఊరి పిల్లలకు చెప్పు పాఠము ఇంటిలో చెప్పు నవసరము వారికిని తోచలేదు, అడుగు బుద్ధి నాకును పుట్టలేదు.

ఆనాటి సాయంకాలము పదవ తరగతి చదువుచున్న మా అమ్మాయి, "వోల్టేజిని కరెంటుచే భాగింపగా నిరోధము వచ్చును" అని గొంతెత్తి వల్లెవేయుచుండెను. చిన్ననాడు నేను అమరశ్లోకములను వల్లించిన తీరు నాకు జ్ఞప్తికి వచ్చినది. "తల్లీ, మన ఇస్త్రీ పెట్టె నిరోధమెంత?" అని యడిగితిని. అది తెల్లబోయి నా ముఖము చూచి, "అమ్మా, అది పుస్తకములో లేదే!" అనెను. ప్రక్కన జవాబు పత్రములు దిద్దుకొనుచున్న మావారు కలము క్రింద పెట్టిరి. "పుస్తకములో లేదు గాని, పెట్టెమీద నున్నది. తీసికొని రండి" అనిరి. ఆ రాత్రి మా ముగ్గురకును అదే పాఠశాల యైనది. అచట నేను నేర్చినదానినే మీకిప్పుడు చెప్పుచున్నాను.

మొదట నాలుగు మాటలు తెలియవలెను. ఇంటిపైనున్న నీళ్ల ట్యాంకును తలచుకొనుడు. ట్యాంకు ఎత్తుగానున్న కొలది కొళాయిలోనికి నీరు విసురుగా దిగును. విద్యుత్తును ముందునకు నెట్టు నట్టి విసురునకు వోల్టేజి యని పేరు. దాని కొలత వోల్టు. గొట్టములో క్షణక్షణమును పారు నీటి పరిమాణమువంటిది కరెంటు. దాని కొలత ఆంపియరు. గొట్టము సన్నమైనను, పొడవైనను, లోపల పాచి పట్టినను నీటికి అడ్డు కలుగును. విద్యుత్తునకు కలుగు నట్టి యడ్డు నిరోధము. దాని కొలత ఓము. ఇక ఆ ప్రవాహము ప్రతిక్షణమును చేయు పనికి సామర్థ్యమని పేరు. దాని కొలత వాటు.

ఈ నాలుగింటిలో మొదటి రెండు తెలిసిన మిగిలిన రెండును తెలిసినట్లే. వోల్టులను ఆంపియర్లచే భాగించిన ఓములు వచ్చును. వోల్టులను ఆంపియర్లచే గుణించిన వాటులు వచ్చును. శాస్త్ర మింతే.

మా అమ్మాయి రికార్డు పుస్తకములో దీనికి మంచి యుదాహరణ మొకటి కలదు. ఒక తీగకు టార్చి బ్యాటరీ యొకదానిని తగిలించిరి. వోల్టేజి 1.5 వోల్టులు, కరెంటు 0.25 ఆంపియరు. రెండు బ్యాటరీలు వరుసగా తగిలింపగా 3 వోల్టులు, 0.5 ఆంపియరు. మూడు తగిలింపగా 4.5 వోల్టులు, 0.75 ఆంపియరు. మూడు పర్యాయములును భాగించి చూడుడు: నిరోధము 6 ఓములే. నెట్టు విసురు హెచ్చిన కొలది ప్రవాహము హెచ్చినది గాని, తీగ స్వభావము మారలేదు. ఇప్పుడు గుణించి చూడుడు: మొదట 0.375 వాటు, పిదప 1.5 వాట్లు, ఆ పిదప 3.375 వాట్లు. వోల్టేజి రెండింతలైనప్పుడు సామర్థ్యము నాలుగింతలైనది, మూడింతలైనప్పుడు తొమ్మిదింతలైనది. ఈ సంగతిని మనసున నుంచుకొనుడు. మా బోర్డు కరగిన రహస్యము దీనికి చుట్టమే.

లీలావతి చదివినవారికి ఇది పాత పాఠమువలెనే తోచును. నిరోధము మారనప్పుడు వోల్టేజి హెచ్చిన కరెంటు హెచ్చును; అది క్రమ త్రైరాశికము. వోల్టేజి మారనప్పుడు నిరోధము హెచ్చిన కరెంటు తగ్గును. అది వ్యస్త త్రైరాశికము. ఆ గ్రంథములోని లెక్కలలో భాస్కరాచార్యులు "బాలా" యనియు, "లేడికన్నులదానా" యనియు ఒక స్త్రీని సంబోధించియే ప్రశ్నలు వేసిరి. లెక్క మనకు పరాయిది కాదనుటకు ఇంతకంటె నేమి కావలెను?

ఈ సూత్రమును కనుగొనిన మహనీయుడును మనవంటి యింటనుండి వచ్చినవాడే. జార్జి సైమన్ ఓము 1789లో జర్మను దేశమునందలి ఎర్లాంగెన్ పట్టణమున జన్మించెను. తండ్రి తాళములు చేయు కమ్మరి. తానై చదువుకొని, కుమారులకు ఇంటనే గణితమును శాస్త్రమును నేర్పెను. తల్లి ఓము పదియేండ్ల ప్రాయముననే గతించెను. పెరిగి పెద్దయై అతడు కొలోను నగరములోని పాఠశాలలో ఉపాధ్యాయుడయ్యెను. అచట బోధన చేయుచునే ప్రయోగములు సాగించెను. ఆ కాలపు బ్యాటరీలు నిలుకడలేనివి. నిమిషనిమిషమునకు వాటి బలము మారుచుండెను. అందుచేత అతడు రాగి, బిస్మతు అను రెండు లోహములను జతపరచి, ఒక యతుకును మరుగు నీటిలోను, రెండవదానిని మంచులోను ఉంచి, స్థిరమైన విద్యుత్తును సాధించెను. వేర్వేరు పొడవులు గల తీగలగుండ దానిని పంపి, అయస్కాంతపు సూది యెంత తిరిగినదో చూచి కరెంటును కొలిచెను. వంటయింటిలోని మరుగు నీరే ఈ శాస్త్రమునకు తోడ్పడినదన్నమాట!

1827లో అతడు తన ఫలితములను గ్రంథముగా ప్రకటింపగా స్వదేశములో ఆదరణ కొరవడెను. పదునాలుగేండ్లకు, 1841లో, లండనులోని రాయల్ సొసైటీవారు అతనికి కోప్లే పతక మొసగి గౌరవించిరి. 1852లో మ్యూనికు విశ్వవిద్యాలయమున ఆచార్యపదవి లభించెను. రెండేండ్లకే, 1854లో, అతడు దివంగతుడయ్యెను. 1881లో పారిసు నగరమున కూడిన అంతర్జాతీయ విద్యుత్సభ నిరోధపు కొలతకు ఆతని పేరును ఆమోదించెను. బడిపంతులు పేరు నేడు ప్రపంచమంతటను పలుకబడుచున్నది. పంతులు భార్యనగు నాకు ఆ సంగతి వినినప్పుడు మనసున కొంత గర్వము కలిగినదని దాపరికము లేక చెప్పుచున్నాను.

ఇక మా యింటి లెక్కకు వత్తము. విద్యుత్పరికరములకు వెనుకనో, అడుగుననో చిన్న పలకయో, అంటించిన చీటియో యుండును. దానిమీద వోల్టులు, వాటులు వ్రాసియుండును; కొన్నింటిమీద ఆంపియర్లును ఉండును. మన దేశములో ఇండ్లకు వచ్చు వోల్టేజి 230. మా ఇస్త్రీ పెట్టెపై 1000 వాట్లని యున్నది. వోల్టులను ఆంపియర్లచే గుణించిన వాటులు వచ్చునుగదా; కావున వాటులను వోల్టులచే భాగించిన ఆంపియర్లు రావలెను. 1000ని 230చే భాగింపగా 4.35 ఆంపియర్లు వచ్చినవి. మరల 230ని 4.35చే భాగింపగా నిరోధము సుమారు 53 ఓములని తేలినది. "నాన్నగారూ, వచ్చినది! వచ్చినది!" అని మా అమ్మాయి చప్పట్లు చరచెను. ఆ సంతోషములో మేము ఇల్లంతయు గాలించి, ప్రతి వస్తువును తిరగవేసి, ఒక పట్టిక వ్రాసితిమి. దానినిచ్చట ఉదాహరించుచున్నాను:

ఎల్.ఇ.డి. దీపము: 9 వాట్లు, 0.04 ఆంపియరు.
మిక్సీ: 750 వాట్లు, 3.26 ఆంపియర్లు.
ఇస్త్రీ పెట్టె: 1000 వాట్లు, 4.35 ఆంపియర్లు, సుమారు 53 ఓములు.
హీటరు కడ్డీ: 1500 వాట్లు, 6.52 ఆంపియర్లు, సుమారు 35 ఓములు.
గీజరు: 2000 వాట్లు; 8.70 ఆంపియర్లు, సుమారు 26 ఓములు.
ఇండక్షను పొయ్యి: 2000 వాట్లు, 8.70 ఆంపియర్లు.

కొన్నింటికే ఓములు వ్రాయుటకు కారణమున్నది. లోపల తీగచుట్ట వేడెక్కి పనిచేయు ఇస్త్రీ పెట్టె, కడ్డీ, గీజరు వంటివానికి ఈ భాగహారము చక్కగా సరిపోవును. మిక్సీ, ఫ్యాను మొదలగు మోటారు గలవానియందును, ఇండక్షను పొయ్యి, ఎల్.ఇ.డి. దీపము వంటివానియందును కథ కొంత భిన్నము. వానికి లెక్కలో వచ్చినదానికంటె కొంత ఎక్కువ కరెంటే యుండవచ్చును. కావున అట్టివానికి లెక్కకు పైన కొంత విడిచి పెట్టుట క్షేమము.

పట్టికలో మరియొక విశేషమును చూచితిరా? వాటులు హెచ్చిన కొలది ఓములు తగ్గుచున్నవి. ఎక్కువ వేడినిచ్చు వస్తువునకు ఎక్కువ అడ్డుండునని నేను తలచుచుంటిని. నిజము దానికి విరుద్ధము. వోల్టేజి యొక్కటే యైనప్పుడు, అడ్డు తక్కువగానున్న వస్తువే ఎక్కువ కరెంటును గైకొని ఎక్కువ వేడినిచ్చును.

ఇప్పుడు మా ఎక్స్‌టెన్షను బోర్డును తిరగవేసి చూచితిమి. దానిపై 6 ఆంపియర్లని చిన్న యక్షరములతో ముద్రింపబడియున్నది. కడ్డీకి 6.52, ఇస్త్రీ పెట్టెకు 4.35, రెండును కలిసి 10.87 ఆంపియర్లు! కడ్డీ యొక్కటియే ఆ బోర్డునకు మించిన బరువు. దానిపై మరొక బరువును నేనే మోపితిని. లావు కాళ్ల ప్లగ్గును సన్న రంధ్రములలో పట్టనీయకపోవుట దానిని చేసినవారు మనకు చేసిన హెచ్చరిక. ఆ హెచ్చరికను పది రూకల మార్పిడి ప్లగ్గుతో నేను త్రోసివేసితిని. నాసిరకమని తిట్టుపడిన బోర్డు నిరపరాధి, దోషము నాది.

"కరెంటు మించినప్పుడు మెయినులోని ఎమ్.సి.బి. పడిపోవలెనుగదా? అదేల మనలను కాపాడలేదు?" అని మావారి నడిగితిని. వారు నన్ను మెయిను బోర్డు చెంతకు తీసికొనిపోయి చూపిరి. ఆ వరుసకున్నది 16 ఆంపియర్లది. గోడలోని తీగను కాపాడుట దాని పని. 10.87 దాని దృష్టిలో మించిన కరెంటు కాదు. చూచితిరా సోదరీమణులారా! గోడలోని తీగ 16కు తగినది, బయటి బోర్డు 6కు తగినది. 6కును 16కును నడుమ మన కాపలాకు ఏ యంత్రమును లేదు. అచ్చట కావలి కాయవలసినది ఇల్లాలి లెక్కయే.

సరే, కరెంటు మించినది. అయినచో బోర్డంతయు కాక ప్లగ్గు కాళ్లయొద్దనే యేల కరగినది? దీనికి సమాధానము జేమ్సు ప్రెస్కాటు జౌలు అను ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు 1841లో చెప్పెను. తీగలో పుట్టు వేడి, కరెంటుయొక్క వర్గమును నిరోధముచే గుణించిన లబ్ధమును బట్టి యుండునని ఆయన స్థాపించెను. ప్లగ్గు కాళ్లు రంధ్రములో బిగువుగా కూర్చుండిన అచట నిరోధము లేశమాత్రము. వదులైనచో పెరుగును. ఉదాహరణకు ఆ వదులు స్థానమున 0.2 ఓము నిరోధమున్నదనుకొందము. ఇస్త్రీ పెట్టె యొక్కటియే నడచునప్పుడు 4.35ను 4.35చే గుణించి, దానిని 0.2చే గుణింపగా సుమారు 3.8 వాట్లు. అది గోరువెచ్చనై యూరకుండును. అదే స్థానముగుండ 10.87 ఆంపియర్లు పారినచో? 10.87ను 10.87చే గుణించి, 0.2చే గుణింపగా సుమారు 23.6 వాట్లు. కరెంటు రెండున్నర యింతలైనది. వేడి ఆరుంబావు ఇంతలైనది. రేడియోలు మరమ్మతు చేయువారు సీసమును కరగించుటకు వాడు చిన్న సోల్డరింగు కడ్డీ 25 వాట్లది. లోహమును కరగించు నంతటి వేడిని నేను నా చేతులార ప్లాస్టిక్కు నడుమ, తెర ప్రక్కన, పిల్లవాని మంచముచెంత రగిల్చితిని. ఈ లెక్క ముగిసినప్పుడు మా ముగ్గురిలో నెవ్వరమును మాటలాడలేదు.

ఇంకొక లెక్క కలదు. దీనిని మాత్రము చదివి విడువకుడు. మన శరీరమునకును నిరోధము కలదు. చర్మము పొడిగానున్నప్పుడు అది వేల ఓములలో నుండును. తడిసినప్పుడు మిక్కిలి తగ్గిపోవును. అట్టి దేహమునకు సుమారు 1000 ఓములని లెక్కింతురు. 230ని 1000చే భాగింపగా 0.23 ఆంపియరు. ఇస్త్రీ పెట్టెకు కావలసినదానిలో ఇది ఇరువదవ వంతు మాత్రమే. కాని గుండెగుండ పారినచో 0.1 ఆంపియరే ప్రాణము తీయగలదు. 16 ఆంపియర్ల ఎమ్.సి.బి.కి ఈ 0.23 లెక్కలోనికే రాదు. అందుకొరకు ఆర్.సి.సి.బి. యను వేరొక సాధనము కలదు. వెళ్లిన కరెంటునకును తిరిగివచ్చిన కరెంటునకును 0.03 ఆంపియరు తేడా వచ్చిన చాలును, ఇండ్లకు వాడునది వెంటనే విద్యుత్తును త్రెంచివేయును. మీ యింట నది యున్నదో లేదో నేడే చూచుకొనుడు. బకెట్టులో కడ్డీ యున్నంతసేపు నీటిలో వ్రేలు పెట్టి వేడి చూడరాదు. స్విచ్చి నార్పి, ప్లగ్గు లాగిన పిదపనే ముట్టవలెను. ప్లగ్గునకు గల మూడవ కాలు భూమికి దారి చూపునది. దానిని విరిచి వాడుట ఆత్మహత్యాసదృశము.

ఈ సూత్రములే ఇంటి ఖర్చును కూడ చెప్పును. సాయంకాలము వోల్టేజి 180కి దిగిన ఇండ్లలో ఇస్త్రీ పెట్టె వేడెక్కదని విసుగుకొందురు. 180ని 53చే భాగించిన కరెంటు 3.4 ఆంపియర్లు, దానిని 180చే గుణింపగా 612 వాట్లు. వోల్టేజి అయిదవ వంతునకు కొంచెము మించి తగ్గినది. వేడి యిమ్ము సామర్థ్యము ఐదింట రెండు వంతులు తగ్గినది. పెట్టె చెడినదని మరమ్మతుకు పంపకముందు ఈ లెక్క చూచుకొనుట మేలు. ఇక 1000 వాట్ల వస్తువు ఒక గంట నడచినచో మీటరు ఒక యూనిట్టు తిరుగును. 2000 వాట్ల గీజరు దినమున కరగంట వేసిన ఒక యూనిట్టు, నెలకు 30 యూనిట్లు. 60 వాట్ల పాత బల్బు దినమునకు అయిదు గంటలు వెలిగిన నెలకు 9 యూనిట్లు. అదే 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపమైన 1.35 యూనిట్లు. బిల్లు వచ్చినప్పుడు వగచుటకంటె, నెల మొదటనే లెక్క వేసికొనుట గృహిణీధర్మము.

"ఇవన్నియు మగవారు చూచుకొను పనులు, మనకేల?" అని కొందరనవచ్చును. వారికి మన తెలుగింటి ఆడపడుచు నొకరిని జ్ఞప్తికి తెచ్చెదను. అయ్యలసోమయాజుల లలితగారు 1919లో మద్రాసున తెలుగు కుటుంబములో జన్మించిరి. పదునైదవయేట వివాహము, పదునెనిమిదవయేట, చేతిలో కొన్ని నెలల కూతురుండగా, వైధవ్యము. ఆమె కన్నీటితో మూలకూర్చుండలేదు. తండ్రిగారు విద్యుచ్ఛాస్త్రాచార్యులుగా నున్న గిండీ ఇంజనీరింగు కళాశాలలో చేరి, విద్యుత్తునే చదివి, 1943లో విద్య ముగించిరి. భారతదేశములో తొలి మహిళా ఇంజనీర్లలో ఆమె యొకరు. కలకత్తాలోని సంస్థలో పనిచేయుచు భాక్రానంగల్ ఆనకట్టకు సంబంధించిన విద్యుత్పనులలో పాల్గొనిరి. 1964లో న్యూయార్కులో జరిగిన మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల తొలి అంతర్జాతీయ సభకు వెళ్లివచ్చిరి. 1979లో కీర్తిశేషులైరి. ఆనకట్ట వద్ద పుట్టు విద్యుత్తు లెక్కలను ఒక తెలుగు వనిత చూడగలిగినప్పుడు, అది మన వంటయింటికి చేరిన పిదప ఒక భాగహారము చేయుట మనకు మించిన పనియా?

మా యింట నేడు ఏర్పాటిది. కడ్డీయు, ఇస్త్రీ పెట్టెయు ఒకే బోర్డున కలియవు. కడ్డీ గోడలోని 16 ఆంపియర్ల సాకెట్టునకే నేరుగా తగులును. మార్పిడి ప్లగ్గు చెత్తబుట్టలోనికి పోయినది. ఎక్స్‌టెన్షను బోర్డు నెత్తిన మా అమ్మాయి ఒక చీటి యంటించి, "6 ఆంపియర్లు, 1380 వాట్లు మించరాదు" అని గుండ్రని యక్షరములతో వ్రాసినది. 230ని 6చే గుణించి తానే తెచ్చిన యంకె యది. ప్లగ్గు వెచ్చబడినను, వదులైనను, నల్లబడినను ఆనాడే మార్పింతుము. క్రొత్త వస్తు వేది యింటికి వచ్చినను అత్తగారు ముందుగా, "అమ్మాయీ, దాని వెనుక నేమి వ్రాసియున్నదో చదివితివా?" అని యడుగుచున్నారు. ఎనుబదియేండ్ల యామె, కరెంటును గూర్చి చదువనామె, అడుగవలసిన ప్రశ్నను మాత్రము సరిగా పట్టుకొనిరి.

సోదరీమణులారా! ఈ పత్రికను క్రింద నుంచిన వెంటనే మీ యింటి ఇస్త్రీ పెట్టెను, చల్లగానున్నప్పుడే, ప్లగ్గు తీసి తిరగవేసి చూడుడు. దానిపై నున్న వాటులను 230చే భాగింపుడు. పిదప అది తగులుకొను బోర్డుపై నున్న ఆంపియర్లతో పోల్చి చూచుకొనుడు. మీ పిల్లల చేతనే ఆ లెక్క చేయింపుడు. బడిలో వల్లించిన సూత్రము ఇంటిని కాపాడునని వారికి తెలియును. వంటయింటిలో దాగిన యగ్ని మనకు వశమై యుండును.